ఆఖరి మస్టరు: హెర్కోమర్ చూపిన ముసలివాళ్ళు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. కార్యదర్శి గారు నన్ను "మీరు ఏదైనా వేరే సంగతి చెప్పండి" అన్నారు. వేరే సంగతే చెబుతాను గానీ, అది కూడా పెన్షను చుట్టూనే తిరుగుతుంది. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో ఒక చిత్రకారుడు పెన్షను ఉన్న ముసలివాళ్ళ బొమ్మ ఒకటి, పెన్షను లేని ముసలివాళ్ళ బొమ్మ ఒకటి వేశాడు. ఆయన పేరు హ్యూబర్ట్ హెర్కోమర్. రెండింటి అచ్చుప్రతులూ తెచ్చాను. చేతులు మారుస్తూ చూడండి, చివర్లో మాత్రం నాకు తిరిగి ఇప్పించండి.

హెర్కోమర్ పుట్టుకతో ఇంగ్లీషువాడు కాదు. 1849లో జర్మనీలోని బవేరియాలో, వాల్ అనే పల్లెటూళ్ళో పుట్టాడు. తండ్రి కొయ్య చెక్కే పనివాడు, తల్లి సంగీతం టీచరు. పిల్లవాడికి రెండేళ్ళప్పుడు బతుకుతెరువు కోసం అమెరికా వెళ్ళారు. అక్కడ కుదురుకోలేక 1857లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ రేవుకు వచ్చి స్థిరపడ్డారు. తండ్రికి పని సరిగా దొరికేది కాదు. తల్లి పియానో పాఠాలు చెప్పి ఇల్లు నెట్టుకొచ్చింది. ఆ ఇంట్లో పెరిగినవాడు కాబట్టి, చేతిలో పని ఉండీ కూలి లేని మనిషి ముఖం ఎలా ఉంటుందో ఆయనకు ఎవరూ నేర్పనక్కరలేదు.

సౌతాంప్టన్‌లోను, కొంతకాలం మ్యూనిక్‌లోను, తరువాత లండన్ సౌత్ కెన్సింగ్టన్‌లోను చదువుకున్నాడు. 1869 డిసెంబరులో లండన్‌లో 'ది గ్రాఫిక్' అనే సచిత్ర వారపత్రిక మొదలైంది. అప్పటికి ఫోటోలను నేరుగా పత్రికలో అచ్చువేసే పద్ధతి రాలేదు. చిత్రకారుడు గట్టి చెక్క మీద బొమ్మ గీస్తే, చెక్కుడు పనివాళ్ళు దాన్ని చెక్కేవారు. పెద్ద బొమ్మయితే చెక్కను ముక్కలుగా విడదీసి తలా ఒక ముక్క ఇచ్చి చెక్కించి, మళ్ళీ మరలతో బిగించి అచ్చుకు పంపేవారు. కొయ్యపని చేసుకునే వాడి కొడుకు మళ్ళీ కొయ్య దగ్గరికే వచ్చాడన్నమాట! ఆ పత్రిక వీధుల్లో, ఆస్పత్రుల్లో, అనాథల సత్రాల్లో కనిపించే బీదల జీవితాన్ని పేజీ నిండా బొమ్మలుగా వేసేది. హెర్కోమర్‌కు అదే అసలైన బడి.

1871 ఫిబ్రవరిలో ఆ పత్రికలో ఆయన గీసిన 'చెల్సీ ఆస్పత్రిలో ఆదివారం' అనే బొమ్మ వచ్చింది. ఇక్కడ ఒక మాట. చెల్సీ రాయల్ హాస్పిటల్ అంటే మనం అనుకునే ఆస్పత్రి కాదు. రెండవ చార్లెస్ రాజు 1682లో ముసలి సైనికుల కోసం స్థాపించిన ఆశ్రమం. దాని పద్ధతి వింటే మీకు ఆసక్తిగా ఉంటుంది. సైన్యం పెన్షను వస్తున్నవాడు అక్కడ చేరాలంటే ఆ పెన్షను వదులుకోవాలి. దానికి బదులుగా ఉండటానికి చోటు, భోజనం, వైద్యం, ఎర్ర కోటు ఇస్తారు. అంటే నూటికి నూరు శాతం కమ్యుటేషన్, మళ్ళీ పునరుద్ధరణ లేదు! (నవ్వులు) వందల ఏళ్ళు అక్కడ మగవాళ్ళకే ప్రవేశం. సైన్యంలో పనిచేసిన స్త్రీలను పెన్షనర్లుగా చేర్చుకోవడం 2009లో మొదలైంది.

ఆ చిన్న బొమ్మనే హెర్కోమర్ నూనె రంగులతో పెద్ద పటంగా వేసి, 1875లో రాయల్ అకాడమీ ప్రదర్శనకు పంపాడు. పేరు 'ది లాస్ట్ మస్టర్', ఆఖరి మస్టరు. మస్టరు అంటే ఏమిటో మనలో ఎవరికీ చెప్పనక్కరలేదు. హాజరు పట్టీలో పేరు పిలిస్తే "ఉన్నాను" అనడం. పటంలో ఉన్నది చెల్సీ ప్రార్థన మందిరం. ఎర్ర కోట్లు వేసుకున్న ముసలి సైనికులు వరసలు వరసలుగా బెంచీల మీద కూర్చున్నారు. మొదటిసారి చూస్తే ఎర్ర రంగు, తెల్లజుట్టు తప్ప ఏమీ కనిపించదు. నిదానంగా చూస్తే ఒక్కొక్క ముఖం ఒక్కొక్క మనిషిది. ఒకడికి శ్రద్ధ, ఒకడికి కునుకు, ఇంకొకడికి పరధ్యానం. ఇక ముందు వరసలో ఉన్న ఇద్దరిని చూడండి. ఒకాయన చేతికర్ర పట్టుకునే ముందుకు వాలి ఉన్నాడు. పక్కనున్నాయన ఆయన మణికట్టు మీద చెయ్యి వేశాడు, నాడి ఆడుతోందా లేదా అని. ఆడటం లేదు. మిగతా మందిరంలో ఎవరికీ ఇంకా తెలియదు, ప్రార్థన సాగుతూనే ఉంది.

మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం కదా. ఆ నాడి పట్టుకున్న చెయ్యి చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. కాని ఆ చేతిలో ఆఫీసు లేదు, స్నేహం ఉంది. అందరి మధ్య, ఉతికిన బట్టలతో, పక్కన స్నేహితుడు ఉండగా పోవడం. హెర్కోమర్ ఆ చావును దుఃఖంగా చూపలేదు, మర్యాదగా చూపాడు.

ప్రదర్శనకు బొమ్మలు ఎంపిక చేసే అకాడమీ పెద్దలు ఈ పటం ముందుకు రాగానే చప్పట్లు కొట్టారట. అప్పటికి హెర్కోమర్‌కు పాతికేళ్ళు. 1878లో పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనలో గౌరవ పతకం కూడా దీనికే వచ్చింది. ఆ వయసు కుర్రవాడికి ముసలితనం గురించి ఇంత ఎలా తెలిసిందా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇప్పుడు రెండో అచ్చుప్రతి. 1878లో వేసినది, పేరు 'ఈవెన్‌టైడ్'. సాయంసంధ్య అనుకోండి. ఇది లండన్ వెస్ట్‌మిన్‌స్టర్ ప్రాంతపు వర్క్‌హౌస్. ఇంగ్లండులో 1834లో వచ్చిన బీదల చట్టం ప్రకారం, ఆధారం లేనివాళ్ళకు చివరి దిక్కు ఈ వర్క్‌హౌసే. అక్కడికి ఎవరూ ఇష్టపడి రాకుండా ఉండాలని కావాలనే కఠినంగా నడిపేవారు. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. భార్యాభర్తలైనా సరే. జీవితమంతా పాచిపని చేసిన వాళ్ళు, కుట్టుపని చేసిన వాళ్ళు, భర్త పోయిన వాళ్ళు, ఒంట్లో ఓపిక అయిపోగానే చేరేది అక్కడికే. బొమ్మలో పొడవాటి బోసి గది. తెల్ల టోపీలు పెట్టుకున్న ముసలమ్మలు బల్ల చుట్టూ వంగి కూర్చుని కుట్టుపని చేస్తున్నారు. వెనక కొందరు ఒకరినొకరు పట్టుకుని నడుస్తున్నారు. చెల్సీ బొమ్మలో మనుషులు గదిని నింపేశారు, ఇక్కడ గది మనుషుల్ని మింగేస్తోంది.

ఏడాది ముందు ఇదే దృశ్యాన్ని ఆయన 'గ్రాఫిక్' పత్రికకు గీసినప్పుడు అది ఇంకా కటువుగా ఉంది. రంగుల పటంలో బల్ల మీద పూలు పెట్టాడు, టీ కప్పులు పెట్టాడు, ఒక పడుచు పిల్లను చేర్చాడు. గోడకు తగిలించుకునేవాళ్ళు భరించగలగాలి కదా! నా మటుకు నాకు ఆ పూలు లేని బొమ్మే నిజమైనదనిపిస్తుంది.

ఆ ముసలమ్మలు చేసిన తప్పేమిటి? సైనికులు చేసింది నౌకరీ, వీళ్ళు చేసింది చాకిరీ. చాకిరీకి పెన్షను లేదు. ఇంగ్లండులో సామాన్యులకు వృద్ధాప్య పెన్షను చట్టం వచ్చింది 1908లో. 1909 జనవరి 1 నుంచి డెబ్బై ఏళ్ళు నిండిన బీదవారికి వారానికి అయిదు షిల్లింగుల దాకా ఇచ్చారు. అప్పుడు కూడా వర్క్‌హౌస్ సహాయం పొందుతున్న వారికి మొదట్లో ఇవ్వలేదు, 1911 దాకా ఆగవలసి వచ్చింది. ఈ బొమ్మ వేసిన ముప్ఫై మూడేళ్ళకు. మన దేశంలో 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను దయాదాక్షిణ్యం కాదని చెప్పబట్టే కదా ఈ రోజున ఇలా కూర్చున్నాం. ఈ రెండు పటాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ తీర్పు బొమ్మల్లో కనిపిస్తుంది.

తరువాత 1885లో 'హార్డ్ టైమ్స్' వేశాడు: పని కోసం ఊళ్ళు తిరుగుతూ దారి పక్కన అలసి కూలబడిన కూలివాడి కుటుంబం. 1891లో 'ఆన్ స్ట్రైక్': సమ్మెలో ఉన్న కార్మికుడు గుమ్మంలో నిలబడి ఉంటాడు, వెనక చంటిబిడ్డతో భార్య ఆయన భుజం మీద వాలి ఉంటుంది. మనలో సమ్మెల్లో జీతాలు కోత పడినవాళ్ళు ఆ భార్య ముఖం గుర్తుపడతారు.

అయితే ఆయనకు డబ్బు తెచ్చింది ఈ బొమ్మలు కాదు, పెద్దమనుషుల రూపచిత్రాలు. వాటితోనే లండన్ దగ్గర బుషీ గ్రామంలో కోట లాంటి ఇల్లు కట్టి, చనిపోయిన రెండో భార్య లూలూ పేరు పెట్టాడు. అక్కడే 1883 నుంచి 1904 దాకా చిత్రకళా పాఠశాల నడిపాడు. తల్లి జ్ఞాపకంగా బవేరియాలోని లాండ్స్‌బర్గ్‌లో పెద్ద బురుజు కట్టించాడు. ఆక్స్‌ఫర్డ్‌లో రస్కిన్ తరువాత ఆచార్య పదవి చేశాడు, 1907లో సర్ బిరుదు పొందాడు. మన లెక్కన రిటైరై ఇంట్లో కూర్చునే వయసులో, 1913లో, తోటలో స్టూడియో పెట్టి సినిమాలు తీయడం మొదలుపెట్టాడు! 1914 మార్చి 31న కన్నుమూశాడు. 1939లో ఆ కోట లాంటి ఇంటిని కూలగొట్టారు.

ఆయన బొమ్మల విలువ బాగా తెలిసినవాడు మరొకడున్నాడు. హాలండులో, చేతిలో డబ్బుల్లేక తమ్ముడు పంపే సొమ్ముతో బతుకుతున్న విన్సెంట్ వాన్ గో. 'గ్రాఫిక్' పాత సంపుటాలు కొనుక్కుని, అందులోంచి బొమ్మలు విడదీసి దాచుకునేవాడు. చెల్సీ బొమ్మ అంటే ఆయనకు ప్రాణం. ది హేగ్ నగరంలో వృద్ధాశ్రమంలో ఉండే ఒక ముసలాయనను కూర్చోబెట్టి 1882లో ఎన్నో బొమ్మలు గీశాడు. తల రెండు చేతుల్లో పెట్టుకుని కుర్చీలో కూర్చున్న ముసలాయన బొమ్మ మీలో చాలామంది క్యాలెండర్లలో చూసే ఉంటారు. ఆ భంగిమ ఆనాటిదే. 1890లో, తాను పోయే ఏడాది, దాన్నే రంగుల్లో మళ్ళీ వేశాడు.

మీ పిల్లలెవరైనా మాంచెస్టర్, లివర్‌పూల్ వైపు ఉంటే ఈ పటాలు చూడటం తేలిక. 'ఈవెన్‌టైడ్' లివర్‌పూల్‌లోని వాకర్ గ్యాలరీది. 'లాస్ట్ మస్టర్' మెర్సీ నదికి అవతలి పక్క, పోర్ట్ సన్‌లైట్‌లోని లేడీ లీవర్ గ్యాలరీది. అవును, మనం వాడిన సన్‌లైట్ సబ్బే. ఆ సబ్బు చేసిన లీవర్ తన పనివాళ్ళకు కట్టించిన ఊరది. రెండు చోట్లా ప్రవేశ రుసుము లేదు. నదికి అటూ ఇటూ ఉన్నాయి గనుక ఒకే రోజులో రెండూ చూసి రావచ్చు. మాంచెస్టర్ గ్యాలరీలో 'హార్డ్ టైమ్స్' ఉంది. వెళ్ళేముందు బొమ్మ గోడ మీద ఉందో లేదో ఫోను చేసి కనుక్కోమని మీ పిల్లలకు చెప్పండి.

 అచ్చుప్రతులు ఎవరి దగ్గర ఉన్నాయో దయచేసి ముందుకు పంపించండి. సెలవు.