కుక్కకు విసరిన కాలేయము



కర్నూలు, కడప ప్రాంతములలో వానకంటె జీవాలను నమ్ముకొని బ్రదుకు కుటుంబములు పెక్కు గలవు. కోతలైన చేలలో మందలు నిలుపుట, మందవెంట కుక్కలుండుట మనకు నిత్యదృశ్యము. గొఱ్ఱెను కోసినపుడు కాలేయముపైననో, ఊపిరితిత్తులపైననో నీటితో నిండిన తెల్లని తిత్తులు ఒక్కొక్కమారు కనబడును. పనికిరాదని ఆ ముక్కను కుక్కకు విసరుదుము. నేటి ప్రసంగము ఆ ఒక్క పనిని గూర్చియే.

ఆ తిత్తిలో నున్నది వట్టి నీరు కాదు. అందు తరచుగా ఒక విధమైన బద్దెపురుగు పిల్లలుండును. కుక్క తినగా అవి దాని ప్రేగులలో పెరిగి, ఆరేడు వారములలో గ్రుడ్లు పెట్టసాగును. పెరిగిన పురుగు పొడవు 3 మొదలు 7 మిల్లీమీటర్లు మాత్రమే. కుక్కకు బాధ యుండదు. మనకు అనుమానము కలుగదు. మలముతో వెలువడిన గ్రుడ్లు గడ్డిపైని, కుంటనీటను చేరును. కుక్క బొచ్చునకు అంటుకొనును. ఆ గడ్డి మేసిన గొఱ్ఱెకు, ఆవుకు, ఎనుముకు మరల తిత్తులు పుట్టును.

కుక్కను నిమిరిన చేతితోనే పిల్లవాడు అన్నము తినిన, అతని కాలేయమునందును తిత్తి పుట్టవచ్చును. ఇదియే హైడాటిడ్ వ్యాధి. తిత్తి ఏండ్ల తరబడి బాధ లేకయే పెరుగును; లోపల పగిలినచో ప్రాణాపాయము. తరచుగా శస్త్రచికిత్స అవసరమగును. ఈ వ్యాధి మాంసము తినుటవలన రాదు; గ్రుడ్లు నోట బడుటవలన వచ్చును. కావున మాంసము ముట్టని యింటివారికిని భయము లేకపోలేదు.

ఇది దూరదేశపు మాట కాదు. కర్నూలులో ఈ వ్యాధి వ్యాప్తిని గూర్చి వైద్యులు చేసిన పరిశీలన 1968లోనే భారతీయ వైద్య పరిశోధన పత్రికలో వెలువడినది.

అయితే దీనిని తరిమివేసిన దేశమును గలదు. గొఱ్ఱెల పెంపకమే జీవనాధారమైన ఐస్‌లాండును ఈ వ్యాధి ఒకప్పుడు మిక్కిలి పీడించెను. 1863లో అచ్చటికేగిన క్రాబ్బె అను డెన్మార్కు శాస్త్రజ్ఞుడు దీని పుట్టుపూర్వోత్తరములను వివరించి చిన్న పుస్తకము వ్రాయగా, దానిని ఇంటింటికి పంచిరి. జనులు తిత్తులను కుక్కలకు అందనీయక జాగ్రత్తపడిరి. 20వ శతాబ్దమున ఆ పీడ విరగడయైనది.

మనము చేయవలసినదియు అంతియే. తిత్తులున్న భాగమును కాల్చవలెను. లేదా కుక్కలు త్రవ్వలేనంత లోతున పాతిపెట్టవలెను. పశువైద్యుని సలహాపై కుక్కకు ప్రాజిక్వాంటెల్ మందు క్రమము తప్పక వేయించవలెను. భోజనమునకు ముందు చేతులు, వండుటకు ముందు ఆకుకూరలు బాగుగా కడుగవలెను.

మందకు కావలి కాయు కుక్కకు కడుపునిండ కూడు పెట్టుడు. ఆ తిత్తిని మాత్రము పెట్టకుడు.