చేతి అల్లిక – మనస్సునకు నెమ్మది
(స్త్రీల మైత్రి కూటములో చేసిన ప్రసంగము)

మొదట మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. ఈ సంఘమునకు వచ్చిన క్రొత్తలో, కూటము జరుగుచుండగా కొందరు అమ్మలు ఊలు అల్లుకొనుట చూచి మందలించితిమి. వాక్యము వినవలసిన వేళ చేతులకు వేరే పని ఏమిటని అడిగితిమి. తరువాత ప్రశ్నలు వేయగా చక్కగా జవాబు చెప్పినవారు ఆ అల్లువారే! చేతులు కట్టుకొని కూర్చున్నవారిలో ఇద్దరు ముగ్గురు కునుకుచుండిరి.

2013లో ప్రచురింపబడిన ఒక పరిశీలనలో అనేక దేశములలో ఊలు అల్లువారు 3,545 మందిని ప్రశ్నించిరి. తరచుగా అల్లువారే మనస్సు నెమ్మదిగాను సంతోషముగాను ఉన్నదని ఎక్కువగా చెప్పిరి. ఇది వారు చెప్పుకొనిన మాటయే గాని వైద్యులు కొలిచిన కొలత కాదు. అయినను వరుస లెక్క తప్పకుండ చూచుకొను మనస్సు రేపటి అప్పును, నిన్నటి మాటను కొంతసేపు వదలుట మనకు అనుభవమే. వ్రేళ్లు కదలుచుండుట కూడ మంచిదే.

భర్తను పోగొట్టుకొనిన ఒక సహోదరి నెలల తరబడి నిద్రలేక బాధపడెను. ప్రార్థించితిమి, వాక్యము చదివితిమి. ఇక చెప్పుటకు మాకు మాటలు లేకపోయెను. పాస్టరమ్మగారు రెండు సూదులు, ఒక ఊలు ఉండ తీసికొని వెళ్లి ఆమె ప్రక్కన కూర్చుండిరి. ఆ సాయంకాలము అల్లినది పది వరుసలే. ఊలు ఆమె దుఃఖమును తీసివేసెనని మేము చెప్పము. నిద్ర కూడ వైద్యునికి చూపించుకొనిన తరువాతనే కుదుటపడెను. కాని ఒకరి ప్రక్కన ఒకరు ఊరక కూర్చుండుటకు ఆ పని ఒక మిష అయినది. మాటలు తరువాత వచ్చినవి.

నర్సాపురము, పాలకొల్లు ప్రాంతముల సహోదరీలు ఇది విని నవ్వుదురేమో. అక్కడ మిషనరీల కాలమునుండి స్త్రీలు క్రోషే సూదితో లేసు అల్లుచున్నారు. మరియా మీస్ అను జర్మను దేశపు విదుషి వారిని గూర్చి 1982లో ఒక గ్రంథము ప్రచురించెను. ఇంటి చాకిరీతో పాటు గంటల తరబడి లేసు అల్లువారికి తీరిక వేళ అల్లుకొను గృహిణులని పేరు పెట్టి, ఆ పేరుతోనే వారి కూలిని తక్కువ చేసిరని ఆమె చూపెను. సన్నని తెల్లదారము మీద గుడ్డి దీపపు వెలుతురులో చూపు నిలిపినయెడల కన్నులు అలసిపోవును, మెడ పట్టుకొనును, నడుము నొప్పి పుట్టును. కావలసినప్పుడు సూది దించి లేవగలిగినవారికే అల్లిక విశ్రాంతి. పూట కూలి కొరకు అల్లువారికి అది కూలిపనియే.

మన బల్లమీద పరచిన లేసు వస్త్రమును మేమే బేరమాడి కొంటిమి. తక్కువకు వచ్చినదని కమిటీలో సంతోషముగా చెప్పితిమి కూడ. దొర్కా చేసిన బట్టలను విధవరాండ్రు పేతురునకు చూపిన సంగతి బోధించునప్పుడెల్ల ఇప్పుడు ఆ వస్త్రము మా కన్నులకు కనబడుచున్నది. ఈసారి అమ్మకమునకు లేసు తెప్పించునప్పుడు అల్లినవారు అడిగిన వెల ఇత్తము.

ఇంటిలో అల్లువారు పగటి వెలుతురులో కిటికీ దగ్గర కూర్చుండుడి. అరగంటకొకసారి లేచి దూరముగా ఉన్న చెట్టును చూడుడి. వ్రేళ్లు నొప్పి పుట్టిన వెంటనే ఆపుడి. బుధవారము మధ్యాహ్నము మూడు గంటలకు గుడి వరండాలో కూడుకొందము. పసిబిడ్డలకు టోపీలు అల్లుదము. పురుషులును రావచ్చును. మేము నేర్చుకొనుచున్నాము, మొదటి టోపీని ఇప్పటికి మూడు మారులు విప్పితిమి.