పిల్లలు వెతికిన చరిత్ర
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను ఉర్దూ మీడియం బడిలో సాంఘికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుణ్ణి. ఉపన్యాసం అలవాటు లేదు, పాఠం చెప్పడమే అలవాటు. కావున ఇది కొంచెం పాఠంలాగా సాగితే పెద్దలు సహించవలెను. మా తొమ్మిదో తరగతి పిల్లలు ఈ ఏడాది చేసిన ఒక పని మీ ముందు పెడతాను. చివర ఒక కోరిక కూడా ఉన్నది.

ప్రతి విద్యార్థి తన ఇంట్లోనో మొహల్లాలోనో ఒక పాత సంగతి పట్టుకోవాలి. పెద్దలను అడగాలి, ఏదైనా కాగితం దొరికితే చూడాలి, నాలుగు పేజీలు రాసి తేవాలి. పుస్తకంలోంచి దించితే ఒప్పుకోము. మొదట కొందరు తండ్రులు బడికే వచ్చారు. "మాస్టర్ సాబ్, దీనికి పరీక్షలో మార్కులున్నాయా?" అన్నారు. లేవన్నాను. అయినా పంపించారు, వారికి నా కృతజ్ఞతలు.

ఒక అబ్బాయి 1908 మూసీ వరద గురించి రాసుకొచ్చాడు. వాళ్ళ దాదాగారి తండ్రి అప్పుడు అఫ్జల్‌గంజ్ దగ్గర ఉండేవారట. గండిపేట కట్ట తెగి ఊరు మునిగిందని ఇంట్లో అందరిదీ ఒకటే మాట. నేను తప్పు దిద్దలేదు. "ఆ కట్ట ఎప్పుడు కట్టారో కనుక్కొని రా" అన్నాను. నాలుగు రోజుల తర్వాత వచ్చి, "సార్, గండిపేట 1920లో పూర్తయింది, కట్టకముందే ఎట్లా తెగింది?" అని నన్నే నిలదీశాడు. తర్వాత వాడే తేల్చుకున్నాడు. ఎగువన ఉన్న చిన్న చెరువులు 200కు పైగా ఒకదాని వెనుక ఒకటి తెగి ఆ నీళ్ళన్నీ మూసీలో పడ్డాయి. ఇటువంటిది మళ్ళీ జరగకూడదనే విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి, గండిపేట, ఆ తర్వాత 1927 నాటికి హిమాయత్ సాగర్ కట్టించారు. అంటే వాళ్ళింటి కథలో కారణము, ఫలితము తారుమారైనాయి. కథ మాత్రం అబద్ధం కాదు, ముత్తాతగారు వరద చూసిన మాట నిజమే.

ఆ పిల్లలను ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గరికి తీసుకుపోయినాము. ఆ చెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెప్తారు. రుబాయీలు రాసిన అమ్జద్ హైదరాబాదీ పేరు మన పిల్లలకు ఉర్దూ పాఠంలో తెలుసు. ఆయన తల్లి, భార్య, కూతురు ఆ వరదలోనే కళ్ళముందు కొట్టుకుపోయారన్న సంగతి అక్కడ చెప్తే ఒక్కరూ మాట్లాడలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఒకమ్మాయి ఆయన రుబాయీలు ఇంకేమైనా ఉన్నాయా అని అడిగింది.

తారీఖులతో కూడా అవస్థే. ఆ వరద ఇంగ్లీషు లెక్కన 1908, హిజ్రీ లెక్కన 1326, సర్కారు కాగితాల్లో 1317 ఫస్లీ. ఫస్లీకి 590 గానీ 591 గానీ కలపాలి, అదీ నెల చూసుకొని. అక్టోబరుతో ఏడు మారుతుంది గదా. లెక్కల మాస్టరుగారు ఒక పట్టిక వేసిచ్చి పుణ్యం కట్టుకున్నారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఒక అమ్మాయి వాళ్ళ నానాగారి ట్రంకుపెట్టె రిక్షాలో వేయించుకొని తెచ్చింది. మర్నాడు అది కబాడీవాడికి కిలోల లెక్కన పోవలసింది. లోపల హాలీ సిక్కాలో కట్టిన శిస్తు రసీదులు, అర్జీలు, ఒక సేత్వార్ నకలు ఉన్నాయి. నిజాం సర్కారు కచేరీల్లో 1880ల నుంచి ఫార్సీ పోయి ఉర్దూ వచ్చింది. తెలంగాణలో ఏ కులం రైతుదైనా, ఏ మతం రైతుదైనా భూమి కాగితం చాలావరకు ఆ లిపిలోనే ఉన్నది. ఈ సంగతి తెలిసి, పక్కవీధి రైతు ఒకాయన తన తాతగారి కాగితం పట్టుకొచ్చి, "బిడ్డా, దీంట్ల మా తాత పేరున్నదా, చూడు" అన్నాడు. పాపం, ఆ పిల్ల చదవలేకపోయింది. అచ్చు ఉర్దూ వేరు, మున్షీల షికస్తా రాత వేరు. నుక్తాలుండవు, మాటకు మాట అతుక్కొని ఉంటుంది. తహసీలు కచేరీలో పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషి ఇంటికి మూడు వారాలు తిరిగి నేర్చుకొని, తాత పేరు, సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు చదివి చెప్పింది. ఉర్దూ మీడియంలో చదివితే ఏమొస్తుందని మనవాళ్ళే అడుగుతారు. ఆ రైతును అడగమనండి.

కొందరు పిల్లలు పీర్ల పండుగ రాసుకొచ్చారు. ఒక్క ముస్లిం ఇల్లు లేని ఊళ్ళో కూడా పీరును ఎత్తేవాళ్ళు, అలావా చుట్టూ తెలుగులో పాడేవాళ్ళు ఉన్నారు. ఇది రాయించడం మన పెద్దల్లో కొందరికి నచ్చలేదు. జరిగేది జరిగినట్టు రాయండి, తగునా తగదా అన్నది ఆలిమ్ సాబ్‌ను అడగండి అని పిల్లలకు చెప్పాను.

1948 విషయం చాలా కష్టమైంది. సెప్టెంబరు పోలీసు చర్య అనగానే ఒక పిల్లవాడి దాదీ మాట ఆపేసింది. నోటుబుక్కు మూసి చాయ్ తాగి రమ్మన్నాను. అంతకుముందు రజాకార్లు పల్లెల్లో చేసిన దౌర్జన్యాలు, ఆ తర్వాత ముస్లింలపై జరిగిన హత్యలు రెండూ రాయాలన్నాను. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌లు ఉన్న బృందం ఆ ఏడే తిరిగి చూసి, చనిపోయినవారు 27,000 నుంచి 40,000 దాకా ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. పొరుగు ముస్లింలను కాపాడిన హిందువుల సంగతీ అందులోనే ఉన్నది. పదునాలుగేళ్ళ పిల్లలు ఇది మోయగలరా అని ఒక తల్లి అడిగింది. ఆమె భయం నాకూ ఉన్నది. అయితే వాళ్ళు ఇది వీధిలో సగం సగం వినడంకన్నా, బడిలో మా ముందు మొత్తంగా చదవడం నయమనుకుంటాను.

ఇక కోరిక. ఇళ్ళలోని పాత కాగితం అమ్మేముందు ఒకసారి బడికి పంపండి, ఫోటో తీసుకొని తిరిగిస్తాము. షికస్తా చదవగల పెద్దలు ఆదివారం అస్ర్ నమాజు తర్వాత ఒక గంట పిల్లలకివ్వండి. మన ఊళ్ళో అటువంటివారు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే ఉన్నారు, అందరూ డెబ్భై దాటినవారే. సంఘం తరఫున ఒక ఇనుప బీరువా కావలెను. ధర కనుక్కొని చీటీ కార్యదర్శిగారికి ఇచ్చాను. ఆ కాగితాలు ప్రస్తుతం మా స్టాఫ్ రూములో కిటికీ కింద ఉన్నాయి. ఆ కిటికీకి రెక్క లేదు. వానలు మొదలయ్యేలోపల బీరువా వస్తే మేలు.