వెనక బెంచీ నుంచి

ప్రధానోపాధ్యాయుడిగా నా రోజంతా రిజిస్టర్లకూ, మధ్యాహ్న భోజనం లెక్కలకూ, ఆన్‌లైన్ హాజరుకూ సరిపోతుంది. అందులోంచే ఒక పీరియడ్ మిగుల్చుకుని ఏదో ఒక తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుంటాను. తనిఖీకి కాదు, పిల్లల నోటుపుస్తకాలు చూడటానికి.

నాలుగో తరగతి పాప 52లోంచి 27 తీసేసి 35 అని రాసింది. తప్పే, కానీ గుడ్డిగా వేసిన లెక్క కాదు. ఏడులోంచి రెండు, ఐదులోంచి రెండు తీసింది. ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేయడమే ఆ పాప సూత్రం. ఎర్ర సిరాతో ఇంటూ కొడితే ఆ సూత్రం చెక్కుచెదరదు. పదేసి పుల్లల కట్టలు ఐదు, విడిగా రెండు పుల్లలు ముందు పెట్టి, "ఇందులోంచి 27 ఇవ్వమ్మా" అంటే, కట్ట విప్పక తప్పదని తనకే తెలుస్తుంది. మా టీచరమ్మ అదే చేశారు.

మూడో తరగతి ముగిసేసరికి పిల్లలందరికీ అర్థం చేసుకుంటూ చదవడం, ఇలాంటి చిన్న చిన్న లెక్కలు చేయడం రావాలన్నది 2021లో మొదలైన జాతీయ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం. గడువు 2026-27. తెలంగాణలో ఇలాంటిదే తొలిమెట్టు కార్యక్రమం 2022లో వచ్చింది. లక్ష్యాలు మంచివే. చిక్కల్లా, వివరాలు నింపే పని పెరిగేకొద్దీ పిల్లల పక్కన కూర్చునే సమయం తగ్గిపోవడం.

అందుకే మా నెలవారీ సమావేశంలో సర్క్యులర్ల సంగతి గబగబా ముగించేస్తాం. తర్వాత ఒక్కో టీచరూ ఒక తప్పు లెక్క తెస్తారు. అదెందుకలా వచ్చిందో అందరం కలిసి తేలుస్తాం. వచ్చే నెలకు భాగహారం పెట్టుకున్నాం. మధ్యలో సున్నా వస్తే పిల్లలు ఎందుకు తడబడుతున్నారో చూడాలి.