జంతు అవయవాల మార్పిడి: రోగి అగత్యం, మన బాధ్యత

సకల స్తోత్రాలు సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై అల్లాహ్ శాంతీ శుభాలు కురిపించుగాక!

ప్రియ ధార్మిక సోదరులారా!

మన దేహం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. వ్యాధి సోకినప్పుడు చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) మనలను ఆదేశించారు. అయితే ఆ చికిత్స హరామ్ అయిన జంతువు నుండి రావలసి వస్తే మనం ఏం చేయాలి?

ఈ ప్రశ్న ఇక ఊహ కాదు. 2022 జనవరిలో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో, మేరీల్యాండ్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో 57 ఏళ్ల రోగికి పంది గుండెను అమర్చారు. మానవ దేహం దానిని తిరస్కరించకుండా పది జన్యుమార్పులు చేశారు. ఆ రోగి రెండు నెలలు జీవించాడు. ఆ పరిశోధనకు నాయకత్వం వహించినవారిలో డాక్టర్ ముహమ్మద్ మొహియుద్దీన్ అనే ముస్లిం వైద్యుడు ఒకరు. 2024 మార్చిలో బోస్టన్ నగరంలో మరొక రోగికి పంది మూత్రపిండాన్ని అమర్చారు. ఆయన కూడా సుమారు రెండు నెలలకే మరణించాడు. మార్పిడి వల్లనే మరణించాడనే సూచనలు లేవని ఆసుపత్రి తెలిపింది. ఈ చికిత్స ఇంకా పరీక్షల దశలోనే ఉంది. కాని రేపు అది మన గడపకూ రావచ్చు. ఆనాడు తడబడకుండా ఈనాడే మనం ధర్మాదేశాన్ని తెలుసుకోవాలి.

పంది మాంసం నిషిద్ధం. దాని శరీరమంతా అపరిశుద్ధమని అత్యధిక ధర్మవేత్తలు నిర్ణయించారు. ఇందులో మనకు సందేహం లేదు. అయితే అల్ బఖరా సూరా 173వ ఆయత్‌లో ఆ నిషేధాన్ని ప్రకటించిన వెంటనే, గత్యంతరం లేని స్థితిలో, కోరికతో గాక, హద్దు మీరక తిన్నవానిపై దోషం లేదని అల్లాహ్ తెలియజేశాడు. నిషేధమూ మినహాయింపూ ఒకే ఆయత్‌లో ఉన్నాయి. రెండూ ఆయన ఆజ్ఞలే.

హజ్రత్ అర్ఫజా (రజి) ముక్కు కులాబ్ యుద్ధంలో తెగిపోయింది. ఆయన వెండి ముక్కు పెట్టుకున్నారు. దాని నుండి దుర్వాసన రాసాగింది. అప్పుడు బంగారు ముక్కు చేయించుకోమని దైవప్రవక్త (స) ఆయనను ఆదేశించారు. పురుషులకు బంగారం నిషిద్ధమని మనకు తెలుసు. ఇక్కడ వరుసను గమనించండి: ముందు ధర్మసమ్మతమైన వెండి, అది పనికిరానప్పుడే బంగారం.

ఇదే వరుసను మన దేశపు ధర్మవేత్తలూ పాటించారు. 1989లో ఢిల్లీలో జరిగిన ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ సదస్సు, ధర్మసమ్మతంగా జిబహ్ చేసిన హలాల్ జంతువుల అవయవాలను వాడవచ్చునని, ప్రాణాపాయం ఏర్పడి వేరే మార్గం లేనప్పుడు మాత్రమే ఇతర జంతువుల అవయవాలకు అనుమతి ఉందని నిర్ణయించింది. అగత్యం ఎంతవరకో అనుమతీ అంతవరకే. ఒకప్పుడు మధుమేహ రోగులకు పందుల, పశువుల క్లోమగ్రంథి నుండి తీసిన ఇన్సులిన్ ఇచ్చేవారు. 1982 నుండి సూక్ష్మజీవుల ద్వారా తయారుచేసిన మానవ ఇన్సులిన్ అందుబాటులోకి వచ్చింది. మార్గం దొరికినచోట పాత అగత్యం చెల్లదు. గుండె కవాటాలలోనూ పందివి, పశువుల గుండెపొరతో చేసినవి, లోహంతో చేసినవి ఉన్నాయి. ఏది తగునో వైద్యుని అడిగి తెలుసుకోవటం రోగి కర్తవ్యం.

ప్రాణరక్షణ పేరిట మోసానికి మాత్రం తావులేదు. 1997లో అస్సాంలో ఒక రోగికి పంది గుండెను అమర్చగా అతడు వారం రోజులకే మరణించాడు; శస్త్రచికిత్స చేసిన వైద్యుడు అరెస్టయ్యాడు. రోగికి ఉన్నదున్నట్లు చెప్పి అతని సమ్మతి పొందటం అమానత్‌లో భాగం. జంతువును అకారణంగా హింసించరాదన్నది కూడా మన ధర్మమే. దాహంతో ఉన్న కుక్కకు నీరు త్రాగించిన వ్యక్తిని అల్లాహ్ క్షమించాడని మన ప్రవక్త (స) తెలియజేశారు కదా!

సోదరులారా! ఇక మన సంగతి ఆలోచిద్దాం. పంది అవయవమనగానే మనం అసహ్యంతో ముఖం త్రిప్పుకుంటాం. మన మొహల్లాలోనే వారానికి మూడుసార్లు గంటల తరబడి డయాలిసిస్ యంత్రం ప్రక్కన పడుకునే సోదరుని వైపు మాత్రం ముఖం త్రిప్పి చూడం. 1988లో జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ, దాతకు హాని కలగకుండా, స్వచ్ఛందంగా, అమ్మకం లేకుండా అవయవదానం చేయవచ్చునని తీర్మానించింది. భిన్నాభిప్రాయం గల ధర్మవేత్తలూ ఉన్నారు. వారిని మనం గౌరవిస్తాం. కాని మనలో ఎంతమందిమి ధర్మవేత్తను అడిగి నిర్ణయించుకున్నాం? ఎంతమందిమి భయంతో మౌనం వహించి, ఆ మౌనానికి ధర్మం పేరు పెట్టుకున్నాం? జీవన్‌దాన్ పథకం క్రింద పేర్లు నమోదు చేసుకుని ఎదురుచూస్తున్న రోగులలో మనవారూ ఉన్నారు.

ఇవ్వగల తోబుట్టువు వెనుకాడితే, ఆదుకోగల ధనవంతుడు చేయి ముడుచుకుంటే, ఆ రోగిని గత్యంతరం లేని స్థితికి నెట్టినది ఎవరు? గత్యంతరం లేనివానికి అల్లాహ్ సన్నిధిలో క్షమాపణ ఉంది. గతి చూపగలిగీ చూపని మనకు ఏ సాకు ఉంది?

రేపు ఎవరైనా సోదరుడు అటువంటి అవయవంతో మన పంక్తిలో నిలబడితే అతని నమాజును శంకించకండి. విరిగిన ఎముకను అతికించటానికి పరిశుద్ధమైనది దొరక్క అపరిశుద్ధమైన ఎముకను వాడినవాడు క్షమార్హుడని షాఫయీ ధర్మవేత్తలు ఏనాడో తేల్చి చెప్పారు. భుజానికి భుజం కలిపి అతని ప్రక్కన నిలబడండి.

ఓ అల్లాహ్! మా రోగులకు స్వస్థత ప్రసాదించు. హలాల్ మార్గాలను మాకు సులభం చేయి. మా సోదరుల అగత్యాన్ని తీర్చే శక్తినీ మనసునూ మాకు అనుగ్రహించు. ఆమీన్.