క్రైస్తవ దాంపత్యము



ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మన పెద్దలు చెప్పుదురు. ఈ రెండును ధనమును తినునవి, నిద్రను చెఱచునవి యని దాని భావము. నేను రెండును చేసితిని. ఇటుకలతో కట్టిన యిల్లు తొమ్మిది నెలలలో ముగిసినది. పెండ్లియాడి కట్టుకొనవలసిన యిల్లు వేఱొకటి యున్నది గదా, దాని పునాదిలో నేను చేసిన తప్పు నాకు తెలియుటకు ఇరువదినాలుగు సంవత్సరములు పట్టినది. క్రైస్తవ దాంపత్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని రేడియో వారు నన్నడిగిరి. చెప్పుటకు నాకున్న యర్హత యా తప్పొక్కటియే.

నేను తెలుగు పండితుడను. గుంటూరు సీమలో నొక పల్లెలో క్రైస్తవ కుటుంబమున పుట్టితిని. మా తండ్రిగారు పల్లెబడిలో నుపాధ్యాయులు, ఆదివారమున దేవాలయములో వాక్యము చదువువారు. నేను ప్రాచ్య కళాశాలలో చేరి వ్యాకరణము, అలంకారశాస్త్రము, కావ్యములు చదువుకొంటిని. ఇంట బైబిలు, బడిలో చిన్నయసూరిగారి బాలవ్యాకరణము. ఈ రెండును నాలో కలిసి మెలసి యుండవలసినవి. కాని చిరకాలము ఎవరి గదిలో వారున్నట్లు వేఱువేఱుగనే యుండిపోయినవి.

1985 వ సంవత్సరమున నాకు వివాహమైనది. ప్రధానము జరిగినది. మూడు ఆదివారములు దేవాలయమున పెండ్లి ప్రకటనలు చదివిరి. అయ్యగారి యెదుట ఇరువురమును ప్రమాణములు చేసితిమి. ఆ ప్రమాణములలో కట్నము మాట యెక్కడను లేదు. అయినను ముందు రాత్రి మా మామగారు మా తండ్రిగారి చేతిలో పదివేల రూపాయలు పెట్టిరి. నాకొక చేతి గడియారము, సైకిలు వచ్చినవి. వరకట్న నిషేధ చట్టము 1961 లోనే వచ్చియున్నది. మేము దాని నెఱుగనివారము కాము. ఎఱిగియు, ప్రార్థన చేసియే పుచ్చుకొంటిమి.

పెండ్లియైన మూడవ నెలలో నాకు కృష్ణకు ఆవలి యొడ్డున ఒక పాఠశాలకు బదిలీ యైనది. భార్యను మా తల్లిగారి యొద్ద నుంచి నేనొక్కడనే వెళ్లితిని. అచ్చట అద్దె యిండ్లు లేకపోలేదు. కోడలు దగ్గర నుండవలెనని మా తల్లిగారు కోరిరి, నేను సరే యంటిని. ఆమెను మాత్రము అడుగలేదు. ద్వితీయోపదేశకాండము ఇరువదినాల్గవ అధ్యాయమున నొక చిన్న విధి కలదు. క్రొత్తగా పెండ్లియైనవానిని సైన్యమునకు పిలువరాదు, వానిపై ఏ వ్యాపారభారమును మోపరాదు. ఒక సంవత్సరము అతడింటనే యుండి తాను పెండ్లాడిన స్త్రీని సంతోషపెట్టవలెను. రాజ్యము యుద్ధములో నున్నను, ఆ యొక్క యింటికి మాత్రము సెలవు. ఈ విధిని నేను బాల్యమునుండి పలుమాఱులు చదివితిని గాని, అది నన్ను గూర్చి చెప్పినదని తోచలేదు.

నా భార్య సముద్రతీరపు పల్లె పిల్ల. పదవ తరగతి చదివినది. ఆమె నాకు జాబులు వ్రాయుచుండెను, తాను మాటలాడినట్లే వ్రాయుచుండెను. అప్పటికి గిడుగువారి పక్షము గెలిచి చాలకాలమైనది, పత్రికలన్నియు వాడుకభాషలోనే వచ్చుచుండెను. నాకు మాత్రము ఆ వ్రాత సహింపరాని దయ్యెను. ఒకనాటి జాబును ఎఱ్ఱసిరాతో దిద్ది, తప్పులు లెక్కించి పదునేడని క్రింద వేసి, తిరుగు టపాలో ఆమెకే పంపితిని. తరువాత వచ్చిన జాబు మూడు పంక్తులే యుండెను. అందు తప్పులు లేవు. పిదప కార్డులు వచ్చినవి. పిదప అవియు నిలిచినవి. నా బోధ ఫలించినదనుకొంటిని.

రెండేండ్లకు కాపురము ఒక్కచోటికి చేరినది. బిడ్డ పుట్టినది. ప్రతి సాయంకాలము కుటుంబప్రార్థన జరుగుచుండెను. అధ్యాయము చదువువాడను నేను, వివరించువాడను నేను, ప్రార్థించువాడను నేను. ఆమె ఆమేన్ అనుచుండెను. మా యింట కలహములు లేవని చుట్టుప్రక్కల పేరుండెను. పురుషుడు స్త్రీకి శిరస్సనియు, స్త్రీ లోబడవలెననియు ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో నున్నది గదా, అది మా యింట నెఱవేఱుచున్నదని నేనును మురిసితిని.

2009 లో మా కుమార్తెకు సంబంధము కుదిరినది. ప్రకటనలకు ముందు అయ్యగారికి బాప్తిస్మపు పత్రము చూపవలెను. దానికై నా భార్య ట్రంకుపెట్టె వెదకుచుండగా అడుగున ఆ పాత జాబు దొరకినది. ఎఱ్ఱసిరా వెలిసి గోధుమరంగు దేఱియున్నది. మొదట నా కన్ను అలవాటు చొప్పున దిద్దుబాటులపైననే పడినది. జరం అన్న మాటను కొట్టివేసి జ్వరము అని వ్రాసియుంటిని. సనివారం అన్నదానిని శనివారము చేసియుంటిని. ఆ తరువాతనే వాక్యము చదివితిని. తనకు జ్వరము వచ్చినదనియు, అత్తగారు పొలము పనులలో నున్నారనియు, శనివారము నేను రాగలనా యనియు ఆమె వ్రాసియుండెను. నేను శనివారము వెళ్లలేదు. ఆ జ్వరము తొమ్మిది దినములున్నదట. వర్ణక్రమము చూచితిని గాని, జ్వరము చూడలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మఱునాడు మా అయ్యగారి యొద్దకు పోయితిని. వారు వేదాంత కళాశాలలో గ్రీకు చదువుకొన్నవారు. శిరస్సన్న మాటకు నిజమైన యర్థమేమని అడిగితిని. వారు దానిని విడిచి, పై వచనములోని క్రియాపదమును చూపిరి. ఎఫెసీయుల పత్రిక అయిదవ అధ్యాయములో ఇరువదిరెండవ వచనము భార్యలను గూర్చినది. అతిప్రాచీనమైన ప్రతులలో, అనగా క్రీస్తు శకము 200 ప్రాంతపు పపైరసు ప్రతిలోను, నాలుగవ శతాబ్దపు వాటికన్ ప్రతిలోను, ఆ వచనములో క్రియయే లేదట. తరువాతి ప్రతులలో చేరినది. క్రియ లేక వాక్యమెట్లు పూర్తియగును? పై వచనమునుండి తెచ్చుకొనవలెను. పై వచనములో నున్నదేమి? క్రీస్తునందలి భయముతో ఒకరికొకరు లోబడుడని యున్నది.

నేను కొయ్యబారితిని. ఏలయన, ఇది మాకు తెలియని విద్య కాదు. పూర్వసూత్రములోని పదమును ఉత్తరసూత్రములోనికి తెచ్చుకొనుటను వ్యాకరణమున అనువృత్తి యందురు. అనువృత్తి నెఱుగక సూత్రార్థము చెప్పినవానిని మా గురువులు బెంచీ యెక్కించెడివారు. ముప్పదియేండ్లు పిల్లలకు దానిని బోధించిన నేను, నా యింటి సూత్రమునకు మాత్రము అనువృత్తి లేకుండ అర్థము చెప్పుకొంటిని. అచ్చు పుస్తకములలో ఆ రెండు వచనముల నడుమ పలుచోట్ల క్రొత్త శీర్షిక పెట్టుదురు. కత్తిరించినది అచ్చువారైనను, కత్తిరించినంత మేరకే చదువుకొన్నది నేను. నాకది సుఖముగా నుండెను మఱి.

అటుపిమ్మట ఆ భాగమును మరల మొదటినుండి చదివితిని. భార్యలకు చెప్పినది మూడు వచనములు. భర్తలకు చెప్పుట ఇరువదియైదవ వచనమున మొదలై అధ్యాయాంతమువరకు సాగుచున్నది. శిరస్సునకు అపొస్తలుడు చూపిన యుపమానము అధికారి కాదు, సంఘముకొఱకు ప్రాణమిచ్చిన క్రీస్తు. ఆ క్రీస్తు భోజనమునొద్ద లేచి తువాలు కట్టుకొని శిష్యుల పాదములు కడిగినవాడు. శిరస్సన్న మాటను పట్టుకొని వాదించు పెద్దలు ఇప్పటికిని కలరు. వారితో నేను వాదింపను. పాదములు కడుగుట యెంతవఱకు వచ్చినదని మాత్రము అడుగుదును.

ఆదికాండములో దేవుడు పురుషునికి సహాయమును చేయుదునన్నాడు. సహాయమనగా మనకు వెంటనే పనిమనిషి స్ఫురించును. అచ్చటి హెబ్రీ పదము ఏజెర్. కీర్తనలలో భక్తులు నాకు సహాయము ఎక్కడనుండి వచ్చునని అడిగి, దేవునియొద్దనుండి యని చెప్పుకొనునప్పుడు వాడినది ఆ పదమే. పాతనిబంధనలో అది చాలచోట్ల దేవునిగూర్చియే వచ్చుచున్నది. మన తెలుగుసీమలో ఎన్నియో దేవాలయములకు, ఇండ్లకు ఎబెనేజరని పేరు పెట్టుకొందుము. సహాయపు రాయి యని దాని యర్థము. గుమ్మముపై ఆ పదమును సున్నముతో వ్రాయించి, అదే పదముతో చెప్పబడిన మనిషిని లోపల పొయ్యివద్ద మఱచిపోవుచున్నాము.

మఱియొకటి. తల్లిదండ్రులను విడిచి హత్తుకొనవలసినది పురుషుడని అచ్చటనే యున్నది. ప్రభువు దానినే మరల చెప్పెను, పౌలును చెప్పెను. మన దేశాచారమున విడుచునది స్త్రీ. పురుషుడు విడువడు. విడుచుట యనగా తల్లిదండ్రులను వీధిలో నుంచుట కాదు, వారిని సన్మానింపుమన్న ఆజ్ఞ యట్లే యున్నది. ఇంటి నిర్ణయము ఎక్కడ జరుగవలెనన్నదే మాట. మా బదిలీనాటి నిర్ణయము మా తల్లిగారి వంటయింట జరిగినది. తప్పు ఆమెది కాదు, నాది.

ఇంతయు తెలిసికొనిన పిమ్మట చేయవలసినది మిగిలియుండెను. ఆ సంబంధమునకు కట్నము ఆఱు లక్షలని మాటయైనది, నేను ఒప్పుకొనియుంటిని. ఆ సాయంకాలము నా భార్యను మొదటిసారి అడిగితిని, ఈ సంబంధము నీకు సమ్మతమేనా యని. ఆమె చాలసేపు బియ్యమేఱుచునే యుండెను. పిదప చెప్పిన మాటలను దిద్దక చెప్పుచున్నాను. "అడిగారు కాబట్టి చెబుతున్నానండీ. నా పెళ్లికి మా నాన్న అర ఎకరం అమ్మాడు. మళ్లీ కొనలేకపోయాడు. మన పిల్ల వల్ల మీరు అట్లా కూర్చోవడం నేను చూడలేను."

అర ఎకరము సంగతి నేనప్పుడే విన్నాను. మా మామగారు అప్పటికి గతించి పదకొండేండ్లు. తిరిగి యిచ్చుటకు చేయి లేదు. వరుని పక్షమువారికి, కట్నమీయజాలనని చెప్పి పంపితిని. బైబిలులో వరుడే యిచ్చెడివాడనియు, యాకోబు రాహేలుకై ఏడేండ్లు గొఱ్ఱెలు కాచెననియు కూడ చెప్పితిని. పండితుని నోరు ఊరకుండదు గదా. వారు యాకోబును మెచ్చుకొని, వేఱు సంబంధము చూచుకొనిరి. రెండేండ్లు మా పిల్ల యింటనే యున్నది. బంధువులు మాటలన్నారు. దేవాలయములో ముందు వరుసవారు మమ్ము చూచి గొంతు తగ్గించి మాటలాడుకొనిరి. ఆ రెండేండ్లలో నేను చేసినది సరియో కాదో యని రాత్రులు సందేహించిన సంగతి దాచను. 2011 లో ఒక ప్రాథమిక పాఠశాల యుపాధ్యాయుడు ఆమెను కట్నములేక పెండ్లియాడినాడు. వారు ఒంగోలులో అద్దెయింట వేఱుగా నున్నారు. దానికి మా వియ్యపురాలు నన్ను నేటికిని నిష్ఠురమాడుచుండును.

ఇచ్చట నొక మాట. ఓర్పును గూర్చిన వచనములను దెబ్బలు తిన్న స్త్రీకి చదివి, తిరిగి ఆ యింటికే పంపు పెద్దలను చూచితిని. పేతురు తన మొదటి పత్రిక మూడవ అధ్యాయమున, భార్యను సన్మానింపని భర్త ప్రార్థనలకు అడ్డు కలుగునని హెచ్చరించుచున్నాడు. ముందా వచనమును ఆ భర్తకు చదువుడు. గృహహింసనుండి స్త్రీలను రక్షించు చట్టము 2005 లో వచ్చినది. ఆమె దాని నాశ్రయించినచో అవిశ్వాసిగా నెంచకుడు.

అకుల, ప్రిస్కిల్ల యను దంపతుల కథ అపొస్తలుల కార్యములలో నున్నది. ఇరువురును డేరాలు కుట్టెడివారు. వారి యింటనే సంఘము కూడెడిది. విద్వాంసుడైన అపొల్లోకు ఇరువురును కలిసియే మార్గమును మఱింత వివరముగా తెలిపిరి. ఆ చోట భార్య పేరు ముందున్నది. ద్వంద్వసమాసమున ఎక్కువ పూజ్యమైనది ముందు నిలుచునని మేము చదివితిమి. గ్రీకువారికి మన సమాసనియమము లేదు గాని, ఆ పేర్ల వరుస చూచినప్పుడెల్ల నాకు ముచ్చటగా నుండును.

2009 లోనే, ఆ జాబు దొరకిన వారములో, కుటుంబప్రార్థనను నీవు చేయుమని నా భార్యతో నంటిని. మొదటి దినము ఆమె నోరు విప్పలేదు. రెండవనాడును అంతియే. మూడవనాడు తన తీరపు మాటలలో ప్రారంభించెను. ప్రక్కయింటి పిల్లవాని కాలు, గేదె ఈనిక, తన తమ్ముని అప్పు, పిల్ల పెండ్లి. వీనిలో సగము నాకు తెలియవు. చివర "మా మాస్టారికి కాస్త ఓపిక ఇయ్యి ప్రభువా" అన్నది. ఆమేన్ అనుట నా వంతైనది.

ఈ ప్రసంగమును వ్రాసి, ఇచ్చటికి బయలుదేఱుటకు ముందు ఆమెకు చదివి వినిపించితిని. జాబు సంగతి చెప్పవచ్చునా యని అడిగితిని. చెప్పండి అన్నది. ఒక్కచోట మాత్రము ఆపినది. జ్వరము నాలుగు దినములున్నదని నేను మొదట వ్రాసియుంటిని. "నాలుగు కాదండీ, తొమ్మిది" అన్నది. కొట్టివేసి తొమ్మిది యని వ్రాసితిని. మీరు విన్నది ఆమె దిద్దిన ప్రతి. సెలవు.