జబ్బు కాని దానికి బిల్లు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగపూట ఆస్పత్రి బిల్లుల ప్రసక్తి ఏమిటని నవ్వకండి. మేము రైల్వే గుమాస్తాలము. సరకు పేరు తప్పుగా వ్రాస్తే ఎంత చిక్కో ఎరుగుదుము.

నాందేడులో మన ఆడపడుచులు కొందరు ప్రైవేటు ఆస్పత్రిలో కాపర్-టి వేయించుకొని, బీమా ఉన్నది గదా అనుకొంటారు. ఆ డబ్బు సాధారణంగా రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి రోగాల పట్టిక పదవ కూర్పులో గర్భనిరోధానికి జెడ్ 30 అని గుర్తు. సలహాకు 30.0, కాపర్-టి అమర్చడానికి 30.1, ఆపరేషనుకు 30.2. జెడ్ వరుస రోగాలది కాదు, రోగము లేకనే వైద్యుని వద్దకు వెళ్ళే కారణాలది. మన ఆరోగ్య బీమా పాలసీలలో 17వ సంఖ్య గల మినహాయింపు చదవండి: గర్భనిరోధము, సంతాన నిరోధ శస్త్రచికిత్స అందులోనే ఉన్నవి.

"అధిక రక్తస్రావమని వ్రాయించండి, డబ్బు వస్తుంది" అనే సలహాదారులు ఉంటారు. వినకండి. పాలసీకే ముప్పు; పైగా రేపటి వైద్యుడు ఆ కాగితము చూచి లేని జబ్బుకు మందిస్తాడు. నిజముగా రక్తస్రావముంటే దానికి ఎన్ 92 వేరే ఉన్నది, అది వైద్యుడు పరీక్షించి వ్రాయవలసినది.

అసలు ఖర్చెందుకు? 1952లో మొదలైన కుటుంబ నియంత్రణ పథకము నేటికీ నడుస్తున్నది. ప్రభుత్వ ఆస్పత్రులలో కాపర్-టి, మూడు నెలలకొక అంతరా సూది, ఛాయా మాత్రలు ఉచితము. విష్ణుపురిలోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రికి వెళ్ళినప్పుడు మరాఠీలో "తాంబీ" అనండి, నర్సమ్మకు వెంటనే తెలుస్తుంది. వేసిన తేదీ, రకము చీటీపై వ్రాయించుకొనండి. 380 రకము పదేళ్ళు, 375 రకము అయిదేళ్ళు. బదిలీపై ఊరు మారినా ఆ చీటీ పెట్టెలో ఉండాలి.